సంతకానికి అర్హత

మన దేశంలో ఎంబీబీఎస్ చదివినవారు ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేయనిదే స్వతంత్రంగా వైద్యం చేయలేరు. లా పట్టా పుచ్చుకున్నవారు ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. చార్టర్డ్ అకౌంటెంటు కావాలంటే పరీక్షలతో పాటు ఆర్టికల్‌షిప్పూ తప్పదు. ఆర్కిటెక్టు సంగతి వేరు. ఐదేళ్ళ బీఆర్క్, అందులో భాగంగా ఒక సెమిస్టరు ఆఫీసు శిక్షణ, అంతే. పట్టా చేతికి రాగానే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు దరఖాస్తు పెట్టుకుంటే పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంది, ‘సీఏ’తో మొదలయ్యే నంబరు వస్తుంది. రాతపరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు, చదువు ముగిశాక ఇన్నేళ్ళు ఒకరి దగ్గర పనిచేయాలన్న షరతూ ఉండదు. నిన్నటిదాకా జ్యూరీ ముందు మార్కుల కోసం షీట్లు తగిలించిన చేతికి, ఇవాళ్టి నుంచి ఇంకొకరి జీవితకాలపు పొదుపుతో లేచే కట్టడం మీద సంతకం పెట్టే హక్కు వస్తుంది.

ఈ సౌకర్యాన్ని చాలామంది అదృష్టంగా తీసుకుంటారు. మరో పరీక్ష తప్పిందన్న సంతోషం సహజమే. కానీ పరీక్ష ఎత్తేసినంత మాత్రాన అది కొలవాల్సిన సామర్థ్యం అక్కర్లేకుండా పోదు. ఇతర వృత్తుల్లో ఆ కొలత భారం ఒక సంస్థ మోస్తుంది. మన వృత్తిలో ఆ భారాన్ని ఎవరూ మోయరు కనుక అది అభ్యర్థి మీదే పడుతుంది. రిజిస్ట్రేషన్ నంబరుకూ సంతకం పెట్టగల సామర్థ్యానికీ మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఎవరికి వారే ఒక పద్ధతి ప్రకారం, ఒక కొలత పెట్టుకుని పూడ్చుకోవాలి. ఈ అధ్యాయం వాదన అదే. దానికి కావలసిన సామగ్రి చాలావరకు ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఏ వరుసలో, ఏ ప్రశ్నలతో చదవాలన్నదే అసలు విషయం.

నంబరు ఇచ్చేదెంత?

1972 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన ఆర్కిటెక్ట్స్ చట్టం ఏం చేస్తుందో, ఏం చేయదో ముందుగా తెలిసి ఉండాలి. గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారి రిజిస్టరు నిర్వహణను ఆ చట్టం కౌన్సిల్‌కు అప్పగించింది. ఇతర చట్టాల్లో ఎక్కడ ‘ఆర్కిటెక్టు’ అని ఉన్నా ఈ రిజిస్టరులో పేరున్న వ్యక్తి అనే అర్థం చేసుకోవాలని 35వ సెక్షను చెబుతుంది. రిజిస్టరులో లేనివారు ఆ బిరుదు వాడకూడదని 37వ సెక్షను నిషేధిస్తుంది. ఈ నిషేధం బిరుదుకే పరిమితమా, పనికి కూడా వర్తిస్తుందా అన్న వివాదం చాలాకాలం సాగింది. 2020 మార్చిలో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ముకేశ్ గోయల్ కేసులో సుప్రీంకోర్టు దానికి తెరదించింది. 37వ సెక్షను కాపాడేది బిరుదునే, రిజిస్టరు కానివారు ఆ తరహా పని చేయకుండా అది అడ్డుకోదు అని తేల్చింది. అదే తీర్పులో, రిజిస్టరు కాని వ్యక్తి ఉన్న పదవికి ‘అసోసియేట్ ఆర్కిటెక్ట్’ అన్న పేరు చెల్లదని కూడా చెప్పింది.

అయితే ఈ నంబరుకు విలువేముంది, ఎవరైనా ప్లాను గీయగలిగినప్పుడు దీని కోసం తాపత్రయం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. సమాధానం ఇతర చట్టాల్లో ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరా, ఆర్కిటెక్టు అంటే 1972 చట్టం కింద రిజిస్టరైన వ్యక్తి అని నిర్వచించింది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని బిల్డరు విడి ఖాతాలో ఉంచాలి. పని ఎంత శాతం పూర్తయిందో ఆ మేరకే అందులోంచి తీసుకోవాలి. తీసే ముందు ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. నాలుగో అంతస్తు శ్లాబు పడిందని మీరు రాసిన కాగితం మీద ఆధారపడి వందలాది కుటుంబాల డబ్బు ఖాతాలోంచి కదులుతుంది. గీయడం ఎవరైనా చేయవచ్చు గానీ ఇలా ధ్రువీకరించే అధికారం నంబరు ఉన్నవారిదే. అంటే నంబరుతో వచ్చేది గీసే హక్కు కంటే ఎక్కువగా పూచీ పడే బాధ్యత. ఐదేళ్ళ కాలేజీ చదువులో ఈ పూచీ గురించి జరిగే బోధన చాలా తక్కువ.

తనిఖీ తగ్గిన కాలం

మునిసిపాలిటీలో ప్లాను తప్పయితే వెనక్కి వస్తుంది కదా, అక్కడ దిద్దుకోవచ్చు కదా అన్న ధీమా ఒకప్పుడు కొంతవరకు నడిచింది. టౌన్ ప్లానింగు సిబ్బంది సెట్‌బ్యాకులు కొలిచి, తప్పులు గుర్తించి, షార్ట్‌ఫాల్ లేఖ పంపేవారు. ఆలస్యాలు, వేధింపులు ఉన్న మాట నిజమే అయినా, ఇంకొక జత కళ్ళు ఆ డ్రాయింగును చూసేవి. గత కొన్నేళ్ళలో ఈ ఏర్పాటు మౌలికంగా మారింది. తెలంగాణలో 2020 చట్టంతో వచ్చిన టీఎస్-బీపాస్ 75 చదరపు గజాల లోపు స్థలాల్లో చిన్న ఇళ్ళకు అనుమతి అవసరమే తీసేసింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి ఇచ్చింది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ పథకం తెచ్చింది. యజమానీ, సాంకేతిక నిపుణుడూ నిబంధనలు పాటించామని ప్రకటిస్తే పని మొదలవుతుంది. ప్రకటన తప్పని తేలితే చర్య ఆ తర్వాత వస్తుంది.

సామాన్యుడి కోణంలో ఇది మంచి సంస్కరణ. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గింది. యువ ఆర్కిటెక్టు కోణంలో చూస్తే మాత్రం దీని అర్థం ఇంకోలా ఉంటుంది. వృత్తిలోకి రావడానికి ముందు పరీక్ష ఎటూ లేదు. వచ్చాక మీ పనిని వేరొకరు సరిచూసే అవకాశం కూడా తగ్గుతూ వస్తోంది. ఆ రెండింటి మధ్యా మిగిలింది మీ సంతకం. సెట్‌బ్యాకులో అరమీటరు తేడా ఒకప్పుడు కాగితం మీదే దొరికిపోయేది. ఇప్పుడది గోడ లేచాక, బ్యాంకు అప్పు విడుదలయ్యాక, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అడిగినప్పుడు బయటపడుతుంది. అప్పుడు కూలగొట్టే ఖర్చు యజమానిది, పోయే పేరు మీది. పైగా అపార్టుమెంట్ల వంటి కట్టడాల్లో నిర్మిత స్థలంలో పదో వంతు మునిసిపాలిటీకి తనఖా పెట్టే నిబంధన ఉంది. సర్టిఫికెట్ రాకపోతే ఆ తనఖా విడుదల కాదు, బిల్డరు సొమ్ము ఇరుక్కుంటుంది. ఇంత బరువున్న సంతకానికి జ్యూరీ మార్కులు చాలుతాయా?

అరువు తెచ్చుకోదగిన సిలబస్

పరీక్ష ఉన్న దేశాలు ఏం కొలుస్తున్నాయో చూస్తే మనం ఏం కొలుచుకోవాలో తెలుస్తుంది. అమెరికాలో ఆర్కిటెక్టు లైసెన్సును మొదట చట్టంగా చేసింది ఇల్లినాయ్ రాష్ట్రం, 1897లో. 1919లో ఏర్పడిన ఎన్‌కార్బ్ అనే మండలి ఇప్పుడు 50 రాష్ట్రాలతో సహా 55 పరిధుల లైసెన్సు బోర్డులను కలుపుతుంది. అక్కడి దారిలో చదువు, అనుభవం, పరీక్ష అని మూడు మెట్లుంటాయి. అనుభవం మెట్టును ఏఎక్స్‌పీ అంటారు. దానికి మొత్తం 3,740 గంటల పని చూపాలి. వారానికి 40 గంటల లెక్కన అది రెండేళ్ళకు కాస్త తక్కువ. గంటలన్నీ ఒకే పనిలో చూపితే కుదరదు, ఆరు భాగాలుగా పంచి చూపాలి. ఆఫీసు నిర్వహణ 160, ప్రాజెక్టు నిర్వహణ 360, అవసరాల సేకరణా స్థల పరిశీలనా కలిపి 260, డిజైను 1,080, వర్కింగ్ డ్రాయింగులూ స్పెసిఫికేషన్లూ 1,520, నిర్మాణ దశ పర్యవేక్షణ 360. పరీక్ష కూడా ఇవే ఆరు విభాగాల్లో ఉంటుంది.

ఈ అంకెల్లో ఒక తీర్పు దాగి ఉంది. మొత్తంలో డిజైను వాటా మూడో వంతు కన్నా తక్కువ. వర్కింగ్ డ్రాయింగులు, వివరాలు, స్పెసిఫికేషన్ల వాటా ఐదింట రెండు వంతులు. ఆర్కిటెక్టు ఊహించినది మేస్త్రీ చేతికి ఎలా చేరుతుందన్నదే వృత్తిలో పెద్ద భాగమని ఆ మండలి లెక్కగట్టింది. మన కాలేజీల్లో ఈ నిష్పత్తి దాదాపు తిరగబడి ఉంటుంది. వారంలో ఎక్కువ గంటలు స్టూడియోకు పోతాయి. ఎస్టిమేషను, స్పెసిఫికేషను, వృత్తి నిర్వహణ ఒకటి రెండు సెమిస్టర్లలో థియరీ పేపర్లుగా వచ్చిపోతాయి. కనుక పట్టా చేతికి వచ్చిన రోజున మీ బలం ఎక్కడుందో, బలహీనత ఎక్కడుందో ఈ ఆరు భాగాల పట్టికే చెప్పేస్తుంది. ఏఎక్స్‌పీ మార్గదర్శకాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ప్రతి భాగంలో ఏ పనులు చేయడం రావాలో అందులో విడివిడిగా ఉంటాయి. 2024లో ఎన్‌కార్బ్ ప్రకటించిన సామర్థ్య ప్రమాణం, లైసెన్సు అందుకునే నాటికి ఆర్కిటెక్టుకు ఉండాల్సిన 16 సామర్థ్యాలను వివరిస్తుంది. ఎక్కడా డబ్బు కట్టకుండా దొరికే సిలబస్ ఇది.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. అమెరికా కోడ్లు, అక్కడి కాంట్రాక్టులు మనకెందుకన్నది మొదటిది. అరువు తెచ్చుకోవాల్సింది చట్రం మాత్రమే, సరుకు మన దగ్గరే ఉంది. వారి ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉన్నచోట మన నేషనల్ బిల్డింగ్ కోడ్ పెట్టుకోండి. వారి ఆర్కిటెక్టుల సంఘం ఏఐఏ ఒప్పంద పత్రాల స్థానంలో మన కౌన్సిల్ ప్రచురించిన ఎంగేజ్‌మెంట్ షరతులను, కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) కాంట్రాక్టు షరతులను చదవండి. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అక్కడి పద్ధతి మనుషులను అలసిపోయేలా చేస్తుందని, అది అనుకరించదగినది కాదని అంటారు. నిజమే. ఎన్‌కార్బ్ లెక్కల ప్రకారం అక్కడ చదువు మొదలుపెట్టిన నాటి నుంచి లైసెన్సు వచ్చేసరికి సగటున పన్నెండు, పదమూడేళ్ళు పడుతోంది. పరీక్ష విభాగాల్లో పాసయ్యేవారు దాదాపు సగం మంది. మొదటి విభాగం పాసైన ఐదేళ్ళలోపు మిగతావన్నీ పూర్తిచేయాలన్న పాత నిబంధన పిల్లల పెంపకంలో ఉన్నవారికి, పెద్దల బాధ్యత మోసేవారికి అన్యాయం చేస్తోందన్న విమర్శ పెరిగింది. చివరికి 2023 ఏప్రిల్ 30న దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు పాసైన విభాగం ఆ పరీక్ష రూపం ఉన్నంతకాలం, దాని తర్వాతి రూపం ముగిసేదాకా చెల్లుతుంది. అంటే గడువులతో నెట్టే గేటు కంటే, ఏం తెలిసి ఉండాలో స్పష్టంగా చెప్పే కొలతే ముఖ్యమని ఆ మండలి కూడా గ్రహించింది. మనకు గేటు లేదు కనుక కొలత ఒక్కటీ తీసుకుంటే చాలు.

ఏది ముందు చదవాలి?

సామగ్రి కుప్పలుగా ఉన్నప్పుడు వరుస తెలియకపోవడమే పెద్ద ఇబ్బంది. ముందు చదవాల్సింది అన్నిటికన్నా చిన్నది. 1972 చట్టమూ, 1989 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలూ కలిపినా కొద్ది గంటల్లో పూర్తవుతాయి, రెండూ కౌన్సిల్ వెబ్‌సైట్లో ఉన్నాయి. ఆ నిబంధనల ప్రకారం ఫీజు, పని షరతులు ముందుగా క్లయింటుకు చెప్పి ఒప్పించాలి. క్లయింటుకు చెప్పకుండా పనిని మరొకరికి అప్పగించకూడదు. కాంట్రాక్టరు నుంచీ, సరుకు అమ్మేవారి నుంచీ కమీషన్లు, బహుమతులు పుచ్చుకోకూడదు. కాంట్రాక్టు నడిపేటప్పుడు యజమాని పక్షమూ కాంట్రాక్టరు పక్షమూ కాకుండా న్యాయంగా తీర్పు చెప్పాలి. టైల్స్ దుకాణంవారు మొదటి కవరు చేతిలో పెట్టకముందే ఈ నిబంధన తెలిసి ఉండటం మేలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఒకసారి పుచ్చుకున్నాక ఆ దుకాణం సరుకు నాసిగా ఉందని సైటులో చెప్పే నోరు ఉండదు.

తర్వాతది మీరు పనిచేసే రాష్ట్రపు భవన నిబంధనలు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో జీవో 168 ద్వారా వచ్చిన నిబంధనలు తెలంగాణలో సవరణలతో కొనసాగాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో జీవో 119 ద్వారా తన సొంత నిబంధనలు తెచ్చుకుంది. రెండుచోట్లా ఆ తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి. అందుకే సీనియరు పంపిన పాత పీడీఎఫ్ ఒక్కటి ఫోనులో పెట్టుకుని పనిచేయడం ప్రమాదం. మూల జీవో పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ నిబంధన ఏ తేదీన ఏ జీవోతో మారిందో రాసుకోండి. నెలకోసారి మునిసిపల్ శాఖ ఉత్తర్వులు చూసే అలవాటు చేసుకోండి. కొత్త సమాచారం తెలుసుకోవడమంటే వార్తలు పంచుకోవడం అనుకుంటాం. వృత్తిలో దాని అర్థం, సంతకం పెట్టే తేదీ నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో ఆధారంతో చూపగలగడం.

మూడోది నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016. మొత్తం ఒకేసారి చదవాలనుకుంటే మధ్యలో ఆగిపోతారు. అగ్ని, ప్రాణ భద్రతకు సంబంధించిన 4వ భాగంతో మొదలుపెట్టండి. రాష్ట్ర నిబంధనలతో పోల్చుతూ చదివితే అది బుర్రకెక్కుతుంది. ఉదాహరణకు, జాతీయ కోడ్ 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న కట్టడాన్ని హైరైజ్ అంటుంది. జీవో 168 మాత్రం 18 మీటర్ల నుంచి అలా పిలుస్తుంది. ఈ రెండింటి మధ్య ఎత్తున్న అపార్టుమెంటుకు మెట్లు, లాబీ, అగ్నిమాపక ఏర్పాట్లు ఏ లెక్కన పెట్టాలి, అగ్నిమాపక శాఖ అనుమతి ఎప్పుడు కావాలి అని ఒక పేజీ రాసి చూడండి. ఆ ఒక్క పేజీ పది లెక్చర్లకు సమానం. తర్వాత వికలాంగుల హక్కుల చట్టం 2016, దాని వెంట 2021లో వచ్చిన సార్వత్రిక అందుబాటు మార్గదర్శకాలు చదవండి. ర్యాంపు వాలు 1:12 అని అందరూ చెబుతారు. ఆ వాలుతో అరమీటరు ఎత్తెక్కడానికి 6 మీటర్ల పొడవు కావాలని, 30 అడుగుల ముఖమున్న స్థలంలో ఆ పొడవు ఎక్కడ సర్దాలో గీసి చూసినప్పుడే ఆ నిబంధన మీదవుతుంది. ఇళ్ళకు సంబంధించిన ఇంధన పొదుపు కోడ్ ఎకో నివాస్ సంహితను కూడా ఇదే పద్ధతిలో ఒక నిజమైన ప్లానుకు అన్వయించి చదవాలి.

చివరిది స్పెసిఫికేషన్లు, ధరలు. సీపీడబ్ల్యూడీ స్పెసిఫికేషన్లు, రేట్ల షెడ్యూలు, రేట్ల విశ్లేషణ ఆ సంస్థ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. రేట్ల విశ్లేషణ పుస్తకం యువ ఆర్కిటెక్టులు అరుదుగా తెరిచే నిధి. ఒక చదరపు మీటరు ప్లాస్టరింగుకు ఎంత సిమెంటు, ఎంత ఇసుక, ఏ కూలీకి ఎంత సమయం అన్నది అందులో విడదీసి ఉంటుంది. అది చదివినవారికి కాంట్రాక్టరు కొటేషనులో ఏ అంకె అసాధ్యమో తెలిసిపోతుంది. క్లయింటు బడ్జెట్టుకు మీ డిజైను సరిపోతుందో లేదో కూడా గీత గీసేటప్పుడే అంచనాకు వస్తుంది.

ఆఫీసులో అవకాశం ఇవ్వరు కదా

ఇక్కడ అసలైన అభ్యంతరం ఎదురవుతుంది. ఇవన్నీ చెప్పడానికి బాగుంటాయి గానీ, జూనియరును ఆఫీసులో త్రీడీ వ్యూలకో, టాయిలెట్ డీటెయిళ్ళకో కట్టేస్తారు, సైటుకు పంపరు, జీతం చాలదు, రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చాక ఇంక చదివే ఓపిక ఎక్కడిది అని. ఈ ఫిర్యాదును తేలిగ్గా తీసిపారేయకూడదు. అనుభవం ఇచ్చే బాధ్యత ఆఫీసులదీ, వాటిని నడిపే సీనియర్లదీ కూడా. వ్యవస్థ చేయని పనిని వ్యక్తి మీద వేయడం న్యాయం కాదన్న మాటలో నిజముంది. అయితే వ్యవస్థ మారేదాకా ఆగినవారి సంతకం కూడా ఈలోపు కాగితాల మీద పడుతూనే ఉంటుంది. అందుకని అదనపు గంటలు తక్కువగా అడిగే మార్గాలు వెతకాలి. చేస్తున్న పనిలోంచే నేర్చుకునేవి అయితే మరీ మంచిది.

అలాంటివి మూడు చెప్పవచ్చు. మొదటిది గంటల పుస్తకం. రోజూ చేసిన పనిని ఆరు భాగాల్లో ఏదో ఒకదాని కింద రెండు ముక్కల్లో రాయండి. మూడు నెలలకు ఒకసారి కూడితే ఏ గడి ఖాళీగా ఉందో కళ్ళకు కడుతుంది. ‘నాకు సైటు అనుభవం లేదు’ అన్న మొర కంటే, ‘ఈ మూడు నెలల్లో నిర్మాణ దశ కింద నాకు ఆరు గంటలే ఉన్నాయి, వచ్చే శ్లాబుకు నన్ను కూడా తీసుకెళ్ళండి సార్’ అన్న మాటకు సీనియరు దగ్గర విలువ ఎక్కువ. రెండోది ముందు రాసి తర్వాత చూడటం. శ్లాబు పోసే ముందు సైటుకు వెళ్ళే అవకాశం వస్తే, అక్కడ ఏమేం చూడాలో బయలుదేరే ముందే రాసుకోండి. సెంట్రింగు లెవెళ్ళు, కవర్ బ్లాకులు, ప్లంబింగు స్లీవులు, కరెంటు పైపులు, బాత్‌రూముల సంకన్ లోతు. సీనియరు చూసినవీ మీరు రాసినవీ పక్కపక్కన పెడితే మీకు తట్టనివి ఏవో తెలుస్తాయి. మూడోది అనుమతి వచ్చిన ప్లానును వెనక్కి చదవడం. ఆఫీసులో ఎటూ ఉండే ఒక ప్లాను తీసుకుని, ప్రతి కొలత పక్కన దానికి ఆధారమైన నిబంధన సంఖ్య రాయండి. రాయలేకపోయిన కొలతలన్నీ కలిపితే మీ తర్వాతి వారం చదువు తయారు.

ఇద్దరు ముగ్గురు సహాధ్యాయులు కలిస్తే దీన్నే పరీక్షగా మార్చుకోవచ్చు. మూడు నెలలకోసారి ఒక స్థలం, ఒక క్లయింటు అవసరం, ఒక బడ్జెట్టు ఇచ్చుకుని, మూడు గంటల్లో సెట్‌బ్యాకులు, ఎత్తు, పార్కింగు, అగ్ని భద్రత, సుమారు ఖర్చు తేల్చి, ఒకరి కాగితం ఇంకొకరు దిద్దాలి. దిద్దేటప్పుడు నిబంధన సంఖ్య చూపని జవాబుకు మార్కు వేయకూడదు. గుర్తుంది అనుకున్నదానికీ, చూపగలిగినదానికీ ఎంత తేడా ఉందో మొదటి పరీక్షలోనే తెలిసిపోతుంది.

విదేశాల దారిలో ఉన్నవారికి

నేనెలాగూ అమెరికా వెళ్తాను, అక్కడే పరీక్ష రాసుకుంటాను, ఇక్కడ ఇంత కష్టం దేనికి అనేవారు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేం లేరు. వారికి ఈ క్రమశిక్షణ ఇంకా ఎక్కువ అవసరం. ఎన్‌కార్బ్‌కు కెనడా, మెక్సికో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ వంటి దేశాలతో పరస్పర గుర్తింపు ఒప్పందాలున్నాయి, మన దేశంతో లేదు. మన నంబరు అక్కడ నేరుగా చెల్లదు. మాస్టర్స్‌కు కాలేజీ ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. అక్కడి ఆర్కిటెక్చర్ కోర్సులకు గుర్తింపునిచ్చే నాబ్ సంస్థ అక్రెడిటేషన్ ఉన్న ఎంఆర్క్ లైసెన్సుకు అర్హతగా లెక్కకొస్తుంది, ఆర్కిటెక్చర్లో ఎంఎస్ వంటి కోర్సులు అలా రావు. ఇక్కడి బీఆర్క్‌ను బలంగా చూపాలంటే ఈసా అనే మూల్యాంకన విధానం ఉంది, దానికి సెమిస్టరు వారీ సిలబస్ వివరాలు అవసరమవుతాయి కనుక కాలేజీ విడిచే ముందే అవి సేకరించాలి. నిబంధనలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మీరు ఉండబోయే రాష్ట్రపు బోర్డు షరతులు వీసా పనులతో పాటే చదవడం మంచిది.

అనుభవం విషయంలోనూ లెక్కలున్నాయి. 3,740 గంటల్లో కనీసం 1,860 అక్కడి లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు పర్యవేక్షణలో, ఆర్కిటెక్చర్ ఆఫీసులో చేసినవై ఉండాలి. చేసిన పని ఎనిమిది నెలల్లోగా నమోదు చేస్తే పూర్తి గంటలు, ఆ తర్వాత ఐదేళ్ళ లోపు నమోదు చేస్తే సగమే లెక్కకొస్తాయి. గంటల పుస్తకం రాసే అలవాటు లేనివారు ఎంత పోగొట్టుకుంటారో దీన్నిబట్టి ఊహించవచ్చు. పరీక్షలో ఒక విభాగం తప్పితే మళ్ళీ రాయడానికి 60 రోజులు ఆగాలి, ఏడాదిలో ఒకే విభాగాన్ని మూడుసార్లకు మించి రాయనివ్వరు. ఆరు విభాగాలకూ ఎన్‌కార్బ్ నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తోంది. కోచింగు కొనే ముందు వాటితో మీ స్థాయి చూసుకోవడం డబ్బూ కాలమూ ఆదా చేస్తుంది. ఇక్కడ కాంట్రాక్టు షరతులు చదివి, బిల్లులు సరిచూసి వెళ్ళినవారికి అక్కడి ప్రాజెక్టు నిర్వహణ ప్రశ్నలు కొత్త భాషలా అనిపించవు. కోడ్ మారుతుంది గానీ, ప్రతి నిర్ణయానికీ ఆధారం అడిగే అలవాటు మారదు.

ఎప్పుడు సిద్ధమైనట్టు?

ఈ సన్నాహానికి ముగింపు తేదీ ఏదని అడిగితే, గంటల సంఖ్య ఒక్కటే జవాబు కాదు. ఇక్కడ విభజన అడిగేవారు లేరు కనుక 3,740 గంటలు ఒకే రకం ఎలివేషన్లు గీసి కూడా పూర్తిచేయవచ్చు. కనుక కొలత ఇలా పెట్టుకోవడం మేలు. ఒక చిన్న కట్టడాన్ని, ఉదాహరణకు మూడంతస్తుల ఇంటిని తీసుకోండి. దాని స్థలం కొలత, అనుమతి, స్ట్రక్చరల్ ఇంజినీరుతో సమన్వయం, డ్రాయింగులు, ఖర్చు, టెండరు, సైటు తనిఖీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దాకా ప్రతి దశలో తీసుకున్న నిర్ణయానికి మీరు కాగితం చూపగలగాలి. అడిగినవారు కోర్టులో లాయరైనా, ఇల్లు కట్టుకుంటున్న రిటైర్డ్ టీచరైనా జవాబు మారకూడదు. ఆ స్థితి వచ్చేదాకా నంబరు ఉన్నా పెద్ద సంతకాలు అనుభవమున్నవారితో కలిసే పెట్టాలి. ఫీజులో వాటా తగ్గినా పరవాలేదు. స్ట్రక్చరు లెక్కలు ఇంజినీరువే అయినా, ఆయన దూలానికీ మీ డక్టుకూ సైటులో తగువు వస్తే తీర్చాల్సింది మీరేనని కూడా మరవకూడదు.

ఇంత చేస్తే లాభం ఏమిటన్న చివరి ప్రశ్నకు ఆదర్శాల జవాబు ఒక్కటే కాదు, లెక్కల జవాబు కూడా ఉంది. రిజిస్ట్రేషన్ లేనివారు కూడా చట్టబద్ధంగా గీయవచ్చని సుప్రీంకోర్టు చెప్పాక, గీయడంలో పోటీ ధర మీదే జరుగుతుంది. ఆ పోటీలో కొత్తవారు ఎప్పుడూ నష్టపోతారు. పూచీ పడే పనిలో, ధ్రువీకరించే పనిలో, నిబంధన ఆధారంతో నిలబడే పనిలో పోటీ తక్కువ, అవసరం ఎక్కువ. రెరా, స్వీయ ధ్రువీకరణ ఆ అవసరాన్ని ఏటేటా పెంచుతున్నాయి. కనుక ఈ వారమే మూడు పనులు మొదలుపెట్టండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ సరిచూసుకోండి, 1989 నిబంధనలు ఒకే బిగిన చదవండి, గంటల పుస్తకంలో మొదటి పేజీ రాయండి. వ్యవస్థ పెట్టని పరీక్షకు ప్రశ్నపత్రం తయారు చేసే పని అక్కడితో మొదలవుతుంది. దాన్ని కఠినంగా తయారు చేసుకున్నవారికే, ఫీజు అడిగేటప్పుడు ఆ సంతకానికి అంత ధర ఎందుకో వివరించడం తేలికవుతుంది.